బాగున్న సైకిలును బాగుచేయడం

మా ఆవిడ అడిగినవి రెండే. గాలి కొట్టించమంది, నూనె వేయించమంది. విల్లివాక్కంలో మా వీధి చివర చెట్టు కింద కూర్చునే పెద్దాయన దగ్గర రెండూ కలిపి యాభై రూపాయల పని. దాన్ని నేను రెండు నెలలకు, పదకొండు వేల రూపాయలకు ఎలా పెంచానో చెప్తాను.

సైకిలు మా అత్తగారిది. సూళ్లూరుపేటలో లెక్కల టీచరుగా చేరిన కొత్తలో, 1979లో కొన్న హెర్క్యులిస్ లేడీస్ బండి. ముదురాకుపచ్చ రంగు, మడ్‌గార్డుల మీద సన్నటి బంగారు గీత, చీర చిక్కుకోకుండా వెనక చక్రానికి వల, చైనును పూర్తిగా మూసేసే కవరు. ఆ కవరు మీద పెయింటరు చేత తెల్లటి అక్షరాల్లో రాయించిన ఆవిడ పేరు, పక్కన కామా, బి.ఎస్సీ., బి.ఇడి. ఇప్పుడు కారు అద్దం మీద స్టిక్కరు అంటిస్తున్నారే, అప్పట్లో అదే ముచ్చట చైన్ కవరు మీద తీర్చుకునేవారు.

మామగారు ఉన్నన్నాళ్లూ దానికి ప్రతి శుక్రవారం తలంటే. కిరసనాయిలుతో తుడవడం, కొబ్బరినూనె రాయడం, పాత పంచె కప్పి నడవలో గోడకు చేర్చడం. ఆయన పోయాక అత్తగారు ఆ ఆనవాయితీ తప్పలేదు. పులికాట్ వైపు నుంచి వచ్చే ఉప్పుగాలికి ఇళ్ల గేట్లు పొరలు పొరలుగా రాలిపోతాయి గానీ, ఈ బండి హ్యాండిలులో చూసుకుని ఇప్పటికీ బొట్టు పెట్టుకోవచ్చు. అలాంటి బండి అది. ఈ మాట గుర్తుంచుకోండి, తర్వాత నన్ను తిట్టడానికి పనికొస్తుంది.

అత్తగారు మా దగ్గరికి వచ్చేస్తూ సైకిలును కూడా తెస్తానన్నారు. మా ఆవిడ సైకిలు నేర్చుకున్నది దాని మీదే, ఇప్పుడు మార్కెట్టుకు దాని మీదే వెళ్తానంది. సూళ్లూరుపేట నుంచి చెన్నైకి లోకల్ ట్రైనుంది. లగేజీ టికెట్టు తీసుకుని, వెండర్ల పెట్టెలో చేపల బుట్టల మధ్య నిలబెట్టి తెచ్చాను. మూర్ మార్కెట్ కాంప్లెక్సు స్టేషనులో దిగి ఆవడి ట్రైను కోసం చూస్తుంటే ఒక పెద్దమనిషి ఆగి బండి చుట్టూ రెండు ప్రదక్షిణలు చేశాడు. పాత సామానుకు పేరుపడ్డ మూర్ మార్కెట్ 1985లో కాలిపోయింది గానీ, ఆ చూపులు అక్కడే తిరుగుతున్నట్టున్నాయి. "వింటేజ్ సార్! రీస్టోర్ చేస్తే ఎక్కడికో వెళ్తుంది" అన్నాడు.

ఎక్కడికి వెళ్తుందో అడగాల్సింది.

ఆ రాత్రి వీడియోలు మొదలుపెట్టాను. ఇంగ్లండులో ఎవరో గడ్డాల ఆసామి, వెనక సన్నగా పియానో, కుప్పలా ఉన్న తుప్పు పన్నెండు నిమిషాల్లో పెళ్లికూతురైపోతుంది. నా బండికి తుప్పే లేదన్న సంగతి నాకు అడ్డంకిగా తోచలేదు. రెండు నెలల్లో మా ఆవిడ పుట్టినరోజు. మామూలుగా రీస్టోర్ చేయడం కాదు, అప్‌గ్రేడ్ చేసి ఇవ్వాలనుకున్నాను.

"ఏమండీ, గాలి కొట్టిస్తే చాలు కదా" అంది మా ఆవిడ.

"నీకేం తెలీదు, చూస్తూ ఉండు" అన్నాను. చూస్తూనే ఉంది పాపం.

ఈ బండి తయారైన టీఐ సైకిల్స్ కంపెనీ 1949లో పుట్టింది. వాళ్ల ఫ్యాక్టరీ అంబత్తూరు. మా విల్లివాక్కం నుంచి కొరట్టూరు, పట్టరవాక్కం, ఆ తర్వాతి స్టేషనే. అంటే సైకిలు పుట్టింటి పక్కకే వచ్చింది. పుట్టింటికొచ్చిన దాన్ని విప్పి బాల్కనీలో దినపత్రిక మీద ఆరబోశాను.

మొదట ఎడమ పెడలు పట్టుకున్నాను. నలభై నిమిషాలు, పంటి బిగువున, చెమటలు కక్కుతూ విప్పాను. ఎడమ పెడలుకు మర ఉల్టా ఉంటుందని, తొక్కుతుంటే ఊడిపోకుండా అలా పెడతారని ఆ తర్వాత తెలిసింది. అంటే నలభై నిమిషాలు నేను దాన్ని బిగించాను.

తర్వాత కాటర్ పిన్ను. పెడలు కాడను ఇరుసుకు పట్టి ఉంచేది ఇదే. చిటికెన వేలంత ఇనుప మేకు, ఒక పక్క ఏటవాలుగా చెక్కి ఉంటుంది, ఒక కొసన చిన్న నట్టు. నలభై ఏళ్లుగా లోపలే కాపురముంది, బయటికి రమ్మంటే వస్తుందా? నట్టు తీసి సుత్తితో ఒకటి వేశాను. రాలేదు. పది వేశాను. పిన్ను కొస పుట్టగొడుగులా విచ్చుకుంది, ఇక ఆ నట్టు ఈ జన్మలో దానికి ఎక్కదు. కింది వాటాలో ఉండే మామి పైకొచ్చి, మీ ఇంట్లో అధిరసానికి పిండి దంచుతున్నారా అని తమిళంలో అడిగింది. పండగేమీ లేదే అని ఆవిడ అనుమానం. మా అత్తగారు "లేదమ్మా, మా అల్లుడు" అన్నారు. ఆ రెండు ముక్కలతోనే మామికి అంతా అర్థమైపోయింది.

టైర్ల సంగతి వేరే కథ. పాత టైరు మీద 26 × 1½ అని ఉంది. ఆన్‌లైనులో 26 × 1.5 కనిపిస్తే జత తెప్పించాను. రెండు గంటలు కుస్తీ పట్టినా టైరు రిమ్ము ఎక్కలేదు. రెండు స్పూన్లు వంగాయి. అవి టైరు స్పూన్లు కావు, వంటింటివి. చివరికి తేలిందేమంటే, భిన్నంలో రాసిన ఒకటిన్నర టైరు కూర్చునే రిమ్ము వ్యాసం 584 మిల్లీమీటర్లు, దశాంశంలో రాసిన ఒకటిన్నరది 559. పాతిక మిల్లీమీటర్లు తేడా.

అత్తగారు కళ్లజోడు సర్దుకుని రెండు టైర్లూ దగ్గరగా చూశారు.

"నాయనా, ఒకటిన్నరన్నా ఒకటి పాయింట్ ఐదన్నా ఒకటే కదా?"

"సైకిలు టైర్లలో కాదంట అత్తయ్యా."

"ముప్పై మూడేళ్లు పిల్లకాయలకు ఒకటే అని చెప్పానే."

ఆ రాత్రి ఆవిడ మజ్జిగ తాగి పడుకున్నారు.

ఇంక అసలు అప్‌గ్రేడ్. సెకండ్ హ్యాండులో ఒక స్టర్మీ ఆర్చర్ హబ్బు దొరికింది. నాటింగ్‌హామ్ సరుకు, ఏడబ్ల్యూ మోడలు. 1936లో మొదలైన ఈ మోడలు లక్షలాది చక్రాల్లో తిరిగింది. మూడు గేర్లూ చక్రం మధ్యలో ఉన్న ఆ బుడ్డిలోనే ఉంటాయి, బయటికి ఒక బుల్లి చైను మాత్రం వేలాడుతుంది. రెండో గేరు మామూలు సైకిలు. ఒకటో గేరు దానికి ముప్పాతిక వంతు, ఎత్తులెక్కడానికి. మూడోది మూడింట ఒక వంతు ఎక్కువ, జోరుగా పోవడానికి. అబ్బో, చెప్తుంటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. చువ్వలు మాత్రం షాపులో కట్టించాను, అంతవరకు నాకు బుద్ధి ఉంది.

"ఈ ఊళ్లో ఎత్తు ఎక్కడుందండీ?" అంది మా ఆవిడ.

కాస్త ఆలోచించాను. "పాడి ఫ్లైఓవర్" అన్నాను.

"కూరగాయల కోసం ఫ్లైఓవర్ ఎక్కాలా?"

ఇదంతా ఒక ఎత్తు, చైన్ కవరు ఒక ఎత్తు. గ్రీజు మరక పడిందని గుడ్డ మీద నాలుగు చుక్కలు థిన్నరు పోసి తుడిచాను. మరక పోయింది. మరకతో పాటు బి.ఇడి. కూడా పోయింది. కామా, బి.ఎస్సీ., ఆ తర్వాత శుభ్రమైన ఆకుపచ్చ. అత్తగారు చూసి ఏమీ అనలేదు. సాయంత్రం మా ఆవిడతో మాత్రం, "సర్టిఫికెట్టు బీరువాలో ఉందిలేమ్మా, తాళం వేసే ఉంది" అన్నారట.

బిగించే రోజు వచ్చింది. పెడళ్ల ఇరుసుకు ఒక్కో పక్క పావు అంగుళం బేరింగు గుండ్లు పదకొండేసి. విప్పేటప్పుడు వాటిని ఎక్కడ పెట్టాలో తెలీక, పోపుల డబ్బాలోంచి ఖాళీగా ఉన్న గిన్నె తీసి అందులో వేసి, వంటింటి గట్టు మీద పెట్టాను. ఇప్పుడు అత్తగారు పక్కన పీట వేసుకుని కూర్చుని లెక్కపెట్టారు.

"పదకొండు రెళ్లు ఎంత నాయనా?"

"ఇరవై రెండు."

"ఇక్కడ ఇరవై ఒకటే ఉన్నాయి."

"ఒకటి తగ్గితే తిరగదా అత్తయ్యా?"

ఆవిడ నన్ను చూసిన చూపు సూళ్లూరుపేటలో ఎన్ని బ్యాచ్‌ల పిల్లలు చూసి ఉంటారో. వాళ్ల ఊరి పక్కన శ్రీహరికోటలో రాకెట్లు లేపుతారు, అక్కడా ఇలాగే అంటారా అని ఆవిడ అడగలేదు. అడిగినట్టే ఉంది.

సోఫా కింద, వాషింగ్ మెషిన్ వెనక వెతికాం. దొరకలేదు. ఇరవై ఒకటితోనే బిగించేశాను. కొత్త కాటర్ పిన్నులు రెండూ ఒకే వైపు నుంచి దూర్చాను, చూడ్డానికి వరుసగా ఉంటాయని. ఎదురెదురుగా దూర్చాలట. ఫలితంగా ఒక పెడలు గడియారంలో ఆరు దగ్గరుంటే, రెండోది పన్నెండు దాటి కాస్త ఒంటిగంట వైపు వాలింది. గేరు తీగను కూడా సుమారుగా బిగించాను. ఏడబ్ల్యూ హబ్బుకు తెలియని మాట ఏదైనా ఉందంటే అది సుమారు.

పుట్టినరోజు పొద్దున మా ఆవిడ కొత్త చుడీదారులో, భుజాన గుడ్డసంచితో బయల్దేరింది. కింద మామి, వాచ్‌మన్, నలుగురు పిల్లలు, మెట్ల మీద అత్తగారు. మొదటి నాలుగు తొక్కుళ్లకే మనిషి కుంటుతున్నట్టు అనిపించింది. అయినా వెనక్కి తిరిగి నవ్వి చెయ్యి ఊపింది. నేను కూడా ఊపాను. మలుపు తిరిగింది.

గంటైంది. రాలేదు.

గంటన్నర తర్వాత మలుపులో కనిపించింది. నడిచి వస్తోంది, ఒక చేత్తో సైకిలు నెట్టుకుంటూ. భుజాన సంచిలోంచి మునక్కాడలు, కొత్తిమీర తొంగి చూస్తున్నాయి, వాటి మధ్య నుంచి తళతళలాడుతూ ఎడమ పెడలు, దాని కాడతో సహా.

జరిగింది ఇది. మార్కెట్టు ముందు రోడ్డు ఖాళీగా కనిపించి మూడో గేరు వేసింది. ఈ హబ్బులో రెండుకూ మూడుకూ మధ్య ఒక శూన్యం ఉంది. తీగ సరిగ్గా లేకపోతే గేరు అందులో పడుతుంది, పెడళ్లు గాల్లో గిర్రున తిరుగుతాయి, బండికీ మనకూ సంబంధం ఉండదు. కాళ్లు జారి, పూలమ్మే ఆవిడ బుట్ట పక్కన ఎలాగో నిలదొక్కుకుంది. దెబ్బ తగల్లేదు. పూలావిడ మాత్రం "గేరు సైకిలా అమ్మా?" అని జాలిగా అడిగిందట. వచ్చే దారిలో కాటర్ పిన్ను నట్టు ఎక్కడో రాలిపోయింది, పెడలు చేతికొచ్చింది.

నన్ను ఒక్క మాట అనలేదు. మునక్కాడలు ఫ్రిజ్‌లో పెట్టి, పెడలును డైనింగ్ టేబులు మీద నా ముందు పెట్టింది.

మర్నాడు బండిని చెట్టు కింద పెద్దాయన దగ్గరికి తోసుకెళ్లాం. ఆయనది చిత్తూరు వైపు, మద్రాసుకొచ్చి నలభై ఏళ్లు. బండిని తలకిందులు చేసి, చక్రం ఒకసారి తిప్పి, చెవి పెట్టి విన్నాడు.

"బాగుండే బండిని ఎవురు సార్ ఇప్పింది?"

"ఎవరో మెకానిక్ అన్నా" అంది మా ఆవిడ వెంటనే. పదకొండేళ్ల కాపురంలో నన్ను ఇంతగా కాపాడిన మాట ఇంకొకటి లేదు.

"వాణ్ణి మళ్లీ చెయ్యి పెట్టనీయొద్దు మా" అన్నాడు పెద్దాయన. సరేనన్నాను.

పాత చక్రం, పాత టైర్లు తిరిగొచ్చాయి. పిన్నులు ఎదురెదురుగా దిగాయి. "గుండు ఒకటి తక్కువుంది" అని డబ్బాలోంచి ఒకటి తీసి వేశాడు, దానికి డబ్బు కూడా తీసుకోలేదు. చివర్లో గాలి కొట్టి, రెండు చుక్కలు నూనె వేశాడు. ఇప్పుడు మా ఆవిడ రోజూ దాని మీదే మార్కెట్టుకు వెళ్తోంది. స్టర్మీ ఆర్చర్ అటక మీద ఉంది. నేను అప్పుడప్పుడూ నిచ్చెన వేసుకుని వెళ్లి తిప్పి చూస్తుంటాను, టిక్ టిక్ టిక్ అని ఎంత ముద్దుగా తిరుగుతుందో.

మొన్న ఆదివారం అత్తగారు కట్టెపొంగలి చేశారు. నెయ్యి, జీడిపప్పు, మిరియాలు దండిగా. ముగ్గురం తింటుంటే ఆవిడ పళ్ల కింద టక్కుమంది. తినడం ఆపి, నోట్లోంచి ఏదో తీసి, నీళ్లతో కడిగి, కళ్లజోడు పెట్టుకుని చూశారు. కంచం అంచున కరివేపాకు పక్కన మెల్లగా పెట్టారు.

"ఇరవై రెండు" అన్నారు.