శ్రీకాకుళం రోడ్డు స్టేషను గారికి, శ్రీకాకుళం నుంచి

మహారాజశ్రీ శ్రీకాకుళం రోడ్డు రైల్వే స్టేషను గారికి,

శ్రీకాకుళం వాస్తవ్యుడు వ్రాసుకొను విన్నపములు. ఇక్కడ మేమందరం క్షేమం. అక్కడ మీరూ క్షేమమేనని తలుస్తాను. ఆ ‘ఇక్కడ’కూ ఈ ‘అక్కడ’కూ మధ్య సుమారు 13 కిలోమీటర్లు ఉన్నాయి చూశారూ, ఈ ఉత్తరం దాని గురించే.

కవరు మీద చిరునామా రాసేటప్పుడే కలం ఆగిపోయింది. మీ పేరులో ఉన్న ఊరే కదా అని శ్రీకాకుళం అని రాస్తే, పోస్ట్‌మాన్ దాన్ని తిరిగి మా వీధికే తెస్తాడు. అందుకని మీరు నిజంగా ఉన్న ఊరు ఆమదాలవలస అని రాశాను. ఇల్లరికం వెళ్లినవాడు కూడా ఇంటిపేరు ఒక్కటే వెంట తీసుకుపోతాడు. మీరు ఏకంగా ఊరి పేరే పట్టుకుపోయారు.

మిగతా ఊళ్లకు స్టేషను రోడ్డు ఉంటుంది. మాకు రోడ్డు స్టేషను ఉంది. ఊరి పేరు చివర ‘రోడ్డు’ అని తగిలిస్తే రైల్వే వారి భాషలో అర్థం ఏమిటంటే: ఊరు ఇక్కడ లేదు, ఇక్కడి నుంచి దానికో దారి ఉంది, తమరు దిగి వెతుక్కోవచ్చు. ఈ సంగతి కొత్తవాళ్లకు తెలియదు. మా వీధిలో ఒక ఇంటికి కొత్త అల్లుడు వస్తూ స్టేషనులో దిగి ఫోను చేశాడు. “మామయ్యగారూ, శ్రీకాకుళంలో దిగాను.” పెద్దాయన తడుముకోకుండా అన్నారు: “చాలా సంతోషం బాబూ. ఇక ఆటో ఎక్కి శ్రీకాకుళం రండి.”

హౌరా–చెన్నై మార్గం మీద మీ ఇరుగుపొరుగును ఒకసారి చూడండి. దూసి స్టేషను దూసిలో ఉంది. పొందూరు స్టేషను పొందూరుకు ఉంది. ఉర్లాం, తిలారు కూడా ఏ తోకా లేకుండా తమ పేర్లు తామే పెట్టుకుని హాయిగా ఉన్నాయి. 1950 ఆగస్టు 15 నుంచి జిల్లా కేంద్రంగా ఉన్న మాకు మాత్రం తోక. పర్లాకిమిడి రాజావారు అదృష్టవంతులు. పెద్ద రైలు తమ ఊరికి రాలేదని తెలిసి, 1900 నాటికే నౌపడ నుంచి ఒక చిన్న రైలు వేయించుకున్నారు. మాకు రాజావారు లేరు. వినతిపత్రాలు ఉన్నాయి.

రాదలచుకున్నవాళ్లకు మా ఊరు దూరమేమీ కాదు. ఒడిశా కొండల్లో పుట్టిన నాగావళి అన్ని వంకలు తిరిగీ చివరికి మా ఊళ్లోంచే సముద్రానికి పోతుంది. సూర్యుడి సంగతి చెప్పనక్కరలేదు. పదిహేను కోట్ల కిలోమీటర్ల అవతలి నుంచి బయలుదేరిన కిరణం, ఏటా మార్చిలోనూ అక్టోబరులోనూ తెల్లవారుజామున అరసవల్లి గుళ్లోకి వచ్చి, మండపం దాటి, గర్భగుడిలో స్వామి పాదాల మీద పడుతుంది. మబ్బు అడ్డం వస్తే తప్ప తేదీ తప్పదు. అంత దూరం నుంచి వచ్చే వెలుగు పాదాల దాకా రాగలిగినప్పుడు, హౌరా నుంచి వచ్చే బండికి ఆ చివరి 13 కిలోమీటర్లే ఎందుకు బరువయ్యాయో తమరే చెప్పాలి.

మీ స్టేషను కోడు గురించి కూడా మాట్లాడుకోవాలి. తెల్లవాళ్లకు మా ఊరి పేరు నోరు తిరగక ‘చికాకోల్’ అన్నారు. వాళ్లు వెళ్లిపోయి ముప్పావు శతాబ్దం దాటింది. కలెక్టరేటు బోర్డు మారింది, పటాలు మారాయి, మీ బోర్డూ మారింది. టికెట్టు మీద మాత్రం మీరు ఈనాటికీ ఆ పాత పేరు అక్షరాలతో సి.హెచ్.ఇ. గానే ఉన్నారు. అంటే పండక్కి రిజర్వేషను కోసం ఫోను ముందు కూర్చునే ప్రతివాడూ ముందుగా చికాకోల్ అని నమోదు చేసుకుని, ఆ తర్వాతే చికాకు పడుతున్నాడన్నమాట.

పోనీ, న్యాయం మాట్లాడదాం. మీ వల్ల మాకొక్కరికే అన్యాయం జరిగిందని అనను. ఆమదాలవలసకూ జరిగింది. స్థలం వాళ్లది, పట్టాలు వాళ్ల ఊరి మీదుగా, కూతలు వాళ్ల చెవులకు, గేటు పడితే ఆగేది వాళ్ల సైకిళ్లు. బోర్డు మీద పేరు మాత్రం పొరుగూరిది. అదేమీ అనామకమైన ఊరు కాదు. పక్కనున్న ఊసవానిపేట అమ్మాయే కరణం మల్లీశ్వరి. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో మొత్తం 240 కిలోలు ఎత్తి, ఒలింపిక్ పతకం అందుకున్న తొలి భారతీయ మహిళ అయింది. పండగ రోజుల్లో మీ వంతెన మెట్లెక్కే సామాన్లు చూస్తే ఆ సాధన ఎక్కడ మొదలైందో నాకు ఒక అనుమానం.

మీ దగ్గర బండి ఆగిన ఆ రెండు నిమిషాల్లో కిటికీలోంచి బోర్డు చదివి, “ఓహో, శ్రీకాకుళం అంటే ఇదా” అని పెదవి విరిచేవాళ్లను నేను చూశాను. వాళ్ల తప్పు లేదు. నాగావళి ఒడ్డు వాళ్లకు కనబడదు. తెలుగు కథ ఎక్కడ అచ్చయినా వెతికి తెచ్చి దాచడానికి కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో నెలకొల్పిన కథానిలయం కనబడదు. శ్రీముఖలింగం గుళ్లు, శాలిహుండం బౌద్ధ స్తూపాలు ఇంకా లోపలికి ఉన్నాయి. ఓడలు మరిచిపోయిన కళింగపట్నంలో ఇంకా వెలుగుతున్న దీపస్తంభం అసలే కనబడదు. విష్ణుమూర్తి తాబేలుగా వెలసిన శ్రీకూర్మం కూడా దగ్గరే. మా జిల్లాలో శంకుస్థాపనలైన పనులన్నీ ఆ స్వామిని ఆదర్శంగా పెట్టుకున్నాయని గిట్టనివాళ్లు అంటారు. నేను అనను. మా ఊరి నడిబొడ్డున ఏడు రోడ్ల కూడలి ఉంది. ఏడింటిలో దేని వెంట ఎంత నడిచినా ప్లాట్‌ఫారం రాదు. ఎనిమిదోది మీ పేరులో ఇరుక్కుపోయింది.

పోగొట్టుకోవడం మాకు కొత్త కాదు లెండి. 1979లో విజయనగరం జిల్లా ఏర్పడినప్పుడు కొంత పోయింది. 2022లో పాలకొండ వైపు పార్వతీపురం మన్యానికీ, రాజాం వైపు మళ్లీ విజయనగరానికీ పోయాయి. ఆ విజయనగరం వాళ్లకు ఊళ్లోనే స్టేషను, అదీ రాయపూర్ వైపు మరో లైను చీలే జంక్షను. ఇది అసూయ కాదు. అసూయే అనుకున్నా నాకు అభ్యంతరం లేదు.

మీ మీద నా అసలు ఫిర్యాదు దూరం కాదు, మీ పని తీరు. ఊరి పేర్ల చివర ‘వలస’ అని ఉండటం మా వైపు మామూలే, దానికి ఎవరూ అర్థం వెతకరు. కానీ రైల్వే వారు స్టేషను పెట్టడానికి అన్ని ఊళ్లలోనూ ఏరికోరి పేరులోనే వలస ఉన్న ఊరిని పట్టుకున్నారు చూడండి, ఆ ముందుచూపుకు దండం పెట్టాలి. మీ ప్లాట్‌ఫారం మీద సాయంత్రం ఒక గంట నిలబడితే జిల్లా అంతా కనిపిస్తుంది, వీపులు తిప్పుకుని. హైదరాబాదులో సెంట్రింగు పనికి పోయే మేస్త్రీలు, చెన్నైకి పోయే కూలీలు, డిగ్రీ కాగితాలు ప్లాస్టిక్ సంచిలో పెట్టుకున్న పిల్లలు. 193 కిలోమీటర్ల సముద్రతీరం ఉన్న జిల్లా మాది, రాష్ట్రంలో ఇంత తీరం మరే జిల్లాకూ లేదు. అయినా మా మత్స్యకారులు చేపలు పట్టడానికి దేశానికి అవతలి అంచున ఉన్న గుజరాత్ వెళతారు. 2018లో అలా వెళ్లినవాళ్లలో కొందరు పాకిస్థాన్ చేతికి చిక్కి, 2020 జనవరిలో వాఘా మీదుగా గానీ ఇళ్లు చేరలేదు. ఇప్పుడు మూలపేటలో రేవు కడుతున్నారు. సంతోషం. పొందూరులో వాలుగ చేప దవడతో పత్తి దువ్వి, గాలికి ఎగిరేంత సన్నని నూలు వడికే ఆడవాళ్లు ఉన్నారు. వాళ్ల మనవలేమో మీ కౌంటరు ముందు నిలబడ్డారు, ఒకవైపు టికెట్టు చాలని.

కాబట్టి నా కోరిక ఒకటే: మా పేరు మాకు ఇచ్చేయండి. ఇచ్చేస్తే మీ బోర్డు మీద ‘రోడ్డు’ ఒక్కటే మిగులుతుందని తెలుసు. ఉన్నమాట అదే కదా.

ఇంత రాసి కవరు అంటించబోతుంటే ఫోను మోగింది. మా అబ్బాయి. బెంగళూరులో ఉద్యోగం, సంక్రాంతికి వస్తున్నాడు. ఈ ఊళ్లోనే పుట్టి, నాగావళిలో ఈత నేర్చి, ఇరవై రెండేళ్లు ఇక్కడే పెరిగినవాడు.

“నాన్నా, శ్రీకాకుళం వచ్చేశాను” అన్నాడు. వెనక మీ మైకులో బండి ప్రకటన వినబడుతోంది.

నేను సరిదిద్దలేదు. గేటు తాళం తీయడానికి లేచాను, ఇంకా ముప్పావు గంట టైముందని తెలిసి కూడా.

ఇట్లు,
తమ పేరు గల ఊరివాడు