చోడి అంబలి మళ్లీ వచ్చింది, పథ్యంగా

ఎండాకాలం వస్తే విజయనగరం, శ్రీకాకుళం రోడ్ల మీద చోడి (రాగి) అంబలి బళ్లు కనిపించడం ఇప్పుడు మామూలైపోయింది. ఆఫీసుకు పోయేవాళ్లు బండి ఆపి గ్లాసుడు అంబలి తాగి, ఉల్లిపాయ ముక్క నంజుకుని పోతున్నారు. ఒకప్పుడు చుట్టాలొస్తే ఇదే అంబలి కుండను లోపలికి జరిపేసేవారు. "వాళ్లింట్లో పొద్దున్నే అంబలే" అన్నారంటే ఆ ఇంటి పరిస్థితి మొత్తం చెప్పేసినట్టే. ఆ నామోషీ పోయింది, సంతోషం. మరి పొద్దున్న అంబలి తాగినవాళ్ల మధ్యాహ్నం కంచంలో అన్నం కుప్ప తగ్గిందా? చాలా ఇళ్లలో తగ్గలేదు. చోడి మళ్లీ మన ఇళ్లకు వచ్చింది గానీ అందరి తిండిగా రాలేదు, రోగి పథ్యంగా వచ్చింది. చిక్కంతా అక్కడే.

"మన తాతలు చోళ్లు, గంటెలు (సజ్జలు) తిన్నారు కాబట్టే గట్టిగా ఉన్నారు" అనే మాట తరచూ వింటుంటాం. అందులో సగమే నిజం. వాళ్లు అవి తిన్నది ఆరోగ్యం కోసం కాదు, వరి అన్నం దొరక్క. మెట్ట మీద పండేది అదే మరి. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం రెండు రూపాయలకు కిలో బియ్యం ఇవ్వడం మొదలుపెట్టాక పేదింట్లోనూ రోజూ ఎసరు మరిగింది. దాన్ని తప్పుపట్టే హక్కు కడుపు నిండినవాడికి లేదు. ఆ తర్వాత చాలా మెట్టల్లో మొక్కజొన్న, నీలగిరి తోటలు వచ్చాయి. నడక తగ్గింది, ఒంటి పని తగ్గింది, బియ్యం మరింత తెల్లబడింది. అన్నం వడ్డించే కొలత మాత్రం నాట్లేసి వచ్చిన మనిషి కొలతగానే ఉండిపోయింది.

అందుకే "ఇంటి వంటైతే చాలు, ఆరోగ్యమే" అనే మాటను నేను పూర్తిగా నమ్మను. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మేలో కొత్త ఆహార సూచనలు ఇచ్చింది. రోజుకు 2000 కిలోక్యాలరీలు తినే మనిషికి ధాన్యాలు, చిరుధాన్యాలు అన్నీ కలిపి 250 గ్రాములు చాలన్నది అందులో ఒక లెక్క. కూరగాయలు 400 గ్రాములు ఉండాలి. చిరుధాన్యాలు కూడా ఆ 250 లోపలే అన్నది చాలామంది గమనించరు. బియ్యం బదులు కొర్రలు వండి అదే కుప్ప తింటే పెద్దగా ఒరిగేదేమీ లేదు. ఆవపెట్టిన పనసపొట్టు, కంద బచ్చలి, నువ్వుపొడి చల్లిన బీరకాయ, ఇన్ని కూరలు తెలిసిన ప్రాంతం మనది. అయినా మన కంచంలో కూర అన్నం మింగడానికి తోడు మాత్రమే.

ఇంట్లో ఒకరికి షుగర్ బయటపడితే ఏం జరుగుతుందో చూడండి. ముందు పరీక్ష చేయించుకున్నది ఇంటాయనే అనుకోండి. డాక్టరు అన్నం తగ్గించమంటాడు. మర్నాటి నుంచి ఆయనకు చోడి రొట్టో, కొర్రన్నమో. మిగతావాళ్లకు యథాప్రకారం అన్నం, బంగాళాదుంప వేపుడు. రెండు వంటలూ ఆయన భార్యే వండాలి. పారేయడమెందుకని చివర్లో మిగిలిన అన్నం తినేదీ ఆవిడే. నాలుగేళ్ల తర్వాత ఆవిడకే షుగర్ వస్తే విడిగా వండిపెట్టేవాళ్లుండరు.

పైగా చోడి వంట ఊరికే అయిపోయేది కాదు. ముందురోజు సాయంత్రమే పిండిని నీళ్లలో కలిపి పులవనివ్వాలి. మర్నాడు నూకలు ఉడుకుతుండగా ఆ పులిసిన పిండి పోసి, ఉండ కట్టకుండా, అడుగంటకుండా కలుపుతూ నిలబడాలి. చల్లారాక మజ్జిగ. తెల్లవారుజామునే లేచి పిల్లల క్యారేజీలు సర్ది బస్సెక్కే ఆవిడకు ఇది ఇంకో టెన్షన్. సాయంత్రం పిల్లలకు నూడుల్స్ ప్యాకెట్ విప్పితే "ఈ కాలం ఆడవాళ్లకు బద్ధకం" అనేస్తారు, అనేవాళ్లు గరిట పట్టరు గానీ. 2023-24 గృహ వినియోగ వ్యయ సర్వే ప్రకారం దేశంలో పల్లె కుటుంబాలు కూడా తమ ఖర్చులో దాదాపు 10 శాతం పానీయాలు, ప్యాకెట్, తయారు తిండ్ల మీదే పెడుతున్నాయి. తిండి ఖర్చుల్లో పెద్దది ఇదే. దీన్ని బద్ధకమనడం కంటే తీరిక లేకపోవడం అనడమే న్యాయం.

విజయనగరం వ్యవసాయ పరిశోధన కేంద్రం తయారుచేసిన వేగావతి అనే చోడి రకం 2020లో విడుదలైంది. మామూలు రకాల్లో కిలోకు 25 మిల్లీగ్రాములుండే ఇనుము అందులో 130 దాటుతుంది. కాల్షియం సంగతి సరేసరి, చోడి ముందు బియ్యం దేనికీ చాలదు. ఈ ఇనుము, కాల్షియం ముందుగా కావలసింది ఎవరికి? ఎదిగే ఆడపిల్లకు, బాలింతకు. మనం వడ్డిస్తున్నది యాభై దాటిన షుగర్ పేషెంటుకు! ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో 2023 మార్చి నుంచి మొదలైన రాగిజావ ఈ విషయంలో నయం. పిల్లలందరికీ ఒకే గిన్నెలోంచి పోస్తారు కాబట్టి దానికి రోగి తిండన్న ముద్ర పడలేదు.

కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానం గురించి ఒక మాట. కవిటి, సోంపేట వైపు కిడ్నీ జబ్బున్న ఇళ్లలో యూట్యూబ్ చూసి చిరుధాన్యాలు మొదలుపెట్టేవాళ్లకు జాగ్రత్త చెప్పాలి. కిడ్నీ బాగా దెబ్బతిన్నవాళ్లకు పొటాషియం, ఫాస్ఫరస్ కొలిచి ఇవ్వాలి. అక్కడ ఇంటింటా దొరికే కొబ్బరినీళ్లు కూడా వాళ్లకు మంచివి కాకపోవచ్చు. అందరికీ ఒకే మందులా చోడిని అమ్మడం అక్కడ ప్రమాదం.

మిగతా ఇళ్లలో మాత్రం రోగికి విడిగా వండడం మానేయడమే మేలు. డైట్ చార్టు పేషెంటు పేరు మీద కాకుండా ఇంటి మొత్తానికి రాసిచ్చే డాక్టర్లు కావాలి. అది చదివి వినిపించేటప్పుడు వంట చేసే మనిషిని బయట బెంచీ మీద కాకుండా లోపల కూర్చోబెట్టాలి. ఎసట్లో అందరికీ కలిపి బియ్యం ఒక గ్లాసు తగ్గించి, పప్పు ఒక పిడికెడు పెంచి, కూర రెట్టింపు చేస్తే ఆయన షుగరుకూ ఆ తిండే నప్పుతుంది. ఆ రెట్టింపు కూరగాయలు తరిగే పని ఆయన చేస్తే ఇంకా మంచిది.