లెక్కలోకి వచ్చే సినిమా

(డిసెంబరు 31. రాత్రి పది దాటింది. సోఫాలో తమ్ముడు, చేతిలో ఫోను. ఎదురుగా అక్క, చేతిలో పెన్సిలు. పెన్సిలు పట్టుకున్న అక్క ఏ ఇంట్లోనైనా ప్రమాదమే.)

తమ్ముడు: అక్కా, లెటర్‌బాక్స్‌డ్ చూశావా? అదే, చూసిన సినిమాలు రాసుకుని నక్షత్రాలు ఇచ్చే యాప్. దాని ప్రకారం ఈ ఏడాది నేను చూసిన సినిమాలు 99. ఇంకొక్కటి చూస్తే వంద. త్వరగా అయిపోయేది ఏదైనా చెప్పు.

అక్క: 99 చూశావా? ఏదీ, ఆ ఫోను ఇలా ఇవ్వు.

తమ్ముడు: ఎందుకు?

అక్క: ఊరికే, చూద్దామని.

(ఊరికే చూసేవాళ్లు కళ్లజోడు తుడుచుకుని మరీ చూడరు.)

అక్క: ఇదేమిటిరా, దేవదాసు కింద ‘నాగేశ్వరరావు కళ్లలోనే మత్తంతా ఉంది’ అని రాశావు?

తమ్ముడు: లేదంటావా?

అక్క: ఉంది. కానీ నువ్వు రాసింది 2006లో వచ్చిన దేవదాసు కింద. అందులో హీరో రామ్.

తమ్ముడు: దేవదాసు ఎవరైతేనేం, తాగాడా లేదా?

అక్క: నాగేశ్వరరావుది 1953. కృష్ణది 1974. పేరు పక్కన సంవత్సరం వేసేది అందం కోసం అనుకున్నావా?

తమ్ముడు: తర్వాత నేనే గమనించి 1953 దాని కింద కూడా గుర్తు పెట్టానులే.

అక్క: మరి 2006ది తీసేశావా?

తమ్ముడు: పాపం, ఎందుకని ఉంచాను.

అక్క: ఒక్కసారి చూసి రెండు రాశావన్నమాట. 98. ఇక ఈ మాయాబజార్ ఏమిటి, ఎక్కడ చూసినా అదే! ఒకటి, రెండు, మూడు... ఆరు!

తమ్ముడు: తెలుగుది ఐదుసార్లు చూశాను, ఐదుసార్లు రాశాను. లెటర్‌బాక్స్‌డ్‌లో డైరీ ఉన్నదే అందుకు. మళ్లీ చూసినప్పుడు మళ్లీ చూశామని గుర్తు కూడా పెట్టుకోవచ్చు.

అక్క: డైరీలో యాభైసార్లు రాసుకో, నాకేం! నువ్వు నాతో చెప్పింది ‘చూసిన సినిమాలు’ అని. ఒకే సినిమా ఐదుసార్లు చూస్తే ఐదు సినిమాలు ఎలా అవుతాయి? నాలుగు కొట్టేశాను. 94. ఆ ఆరోది?

తమ్ముడు: తమిళ మాయాబజార్.

అక్క: అదీ ఇదీ ఒకటే కదా.

తమ్ముడు: ఒకటే ఎలా అవుతుంది? అది డబ్బింగ్ కాదు. 1957లో రెండు భాషల్లోనూ తీశారు. మన అభిమన్యుడు నాగేశ్వరరావు, వాళ్ల అభిమన్యుడు జెమినీ గణేశన్.

అక్క: ఘటోత్కచుడు?

తమ్ముడు: రెండింట్లోనూ ఎస్వీ రంగారావే.

అక్క: శశిరేఖ?

తమ్ముడు: అక్కడ పేరు వత్సల.

అక్క: పేరు అడగలేదు. ఎవరు వేశారు?

తమ్ముడు: ... సావిత్రే.

అక్క: దర్శకుడు?

తమ్ముడు: కె.వి. రెడ్డే. అయితే ఏమిటి? జెమినీ గణేశన్ వచ్చి నిలబడ్డాక కెమెరా మళ్లీ తిరిగిందా లేదా? నాగేశ్వరరావు ముఖం చెరిపేసి ఈయన ముఖం అతికించలేదు కదా!

అక్క: (చాలాసేపు పెన్సిలు కొరికి) సరే. విడిగా తీసింది విడి సినిమానే. ఇది నా తీర్పు.

(తీర్పులు ఇలా పైకి చెప్పకూడదు. తమ్ముళ్ల ముందు అసలే చెప్పకూడదు.)

అక్క: ఈ జాన్ డీల్మన్ అనే సినిమా ఎప్పుడు చూశావు?

తమ్ముడు: సైట్ అండ్ సౌండ్ పత్రిక వేసే ప్రపంచంలోని గొప్ప సినిమాల జాబితాలో 2022లో మొదటి స్థానం దానిదే! చూడకుండా ఎలా ఉంటాను?

అక్క: నాకు గుర్తుంది. నీ గురక పక్క గదిలోకి వినబడింది.

తమ్ముడు: ఆ సినిమా 3 గంటల 21 నిమిషాలు. మధ్యలో కాస్త కన్ను మూతపడింది, కాదనను. మూతపడే ముందు ఆవిడ వంటింట్లో ఉంది. తెరిచాక కూడా వంటింట్లోనే ఉంది. బంగాళాదుంపల తొక్క తీస్తోంది. మధ్యలో నేను పోగొట్టుకున్నదేమిటో చెప్పు.

అక్క: సినిమా.

తమ్ముడు: కూర్చున్నది మొత్తం 3 గంటల 21 నిమిషాలూ కూర్చున్నానా లేదా?

అక్క: సోఫా కూడా కూర్చుంది. దానికీ ఒక ఖాతా తెరుద్దామా? 93.

తమ్ముడు: అన్యాయం!

అక్క: ఇదిగో, దీనికి నువ్వు చూసింది ట్రైలర్ ఒక్కటే. నేను పక్కనే ఉన్నాను.

తమ్ముడు: కథంతా అందులోనే చెప్పేశారు. ఇంకేముంది చూడటానికి?

అక్క: 92. అది సరేగానీ, అన్నిటికీ మూడున్నర నక్షత్రాలేనా? నువ్వు నిద్రపోయినదానికీ మూడున్నరే, ఏడ్చినదానికీ మూడున్నరే.

తమ్ముడు: అర నక్షత్రం ఇచ్చే వీలుంది కాబట్టి వాడుకుంటున్నాను. మూడు ఇస్తే బాగాలేదన్నట్టు ఉంటుంది. నాలుగు ఇస్తే ఎందుకు బాగుందో రాయాలి.

(ఈ జవాబు ముందు చాలామంది విమర్శకులు దిగదుడుపే.)

అక్క: మరి నీకు అత్యంత ఇష్టమైన నాలుగు సినిమాలని పైన పెట్టుకున్నవి పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి ఉంటాయేం? ఆ పత్రికవాళ్లు 1952 నుంచి పదేళ్లకొకసారి జాబితా వేస్తున్నారు. 1962 నుంచి 2002 దాకా ప్రతిసారీ సిటిజన్ కేనే మొదట నిలిచింది. నీ మొదటి సినిమా స్నానానికి వెళ్లి వచ్చేలోగా మారిపోతుంది.

తమ్ముడు: అంటే నేను ఎదుగుతున్నాను. వాళ్లు నలభై ఏళ్లు ఒక్కచోటే ఉండిపోయారు.

అక్క: ఎదిగి ఏం చేస్తావు, ఈ జాబితాలతో?

తమ్ముడు: అలా తీసిపారేయకు. సినిమాల వివరాలన్నీ దొరికే ఐఎండీబీ వెబ్‌సైట్ 1990లో మొదలైంది ఎలాగనుకున్నావు? నాలాంటి సినిమా పిచ్చివాళ్లు ఇంటర్నెట్‌లో పంచుకున్న జాబితాలతోనే. 1998లో దాన్ని అమెజాన్ కొనుక్కుంది!

అక్క: నీది కూడా కొంటారు. ముందు అందులో ఎన్ని సినిమాలు ఉన్నాయని అడుగుతారు. 92 అని చెప్పు.

తమ్ముడు: (గడియారం చూసి) ఎనిమిది సినిమాలు... గంటన్నరలో... అక్కా! ఆస్కార్‌వాళ్ల లెక్కలో 40 నిమిషాలు మించకపోతే చిన్న చిత్రం కదా?

అక్క: అవును.

తమ్ముడు: చిన్న చిత్రమైనా చిత్రమే కదా?

అక్క: ... అవును. ఎందుకు?

తమ్ముడు: 1895 డిసెంబరు 28, పారిస్. లూమియర్ సోదరులు డబ్బు తీసుకుని జనానికి పది సినిమాలు చూపించారు. ఒక్కొక్కటి నిమిషం కూడా ఉండదు. అన్నీ కలిపినా పది నిమిషాలు దాటవు. నాకు కావలసినవి ఎనిమిది. ఇంకా రెండు మిగులుతాయి!

అక్క: ఒరేయ్, అది మోసం.

తమ్ముడు: ప్రపంచ సినిమా చరిత్రను మోసమంటావా? ఇదిగో, మొదటిది పెట్టాను కూడా. ఫ్యాక్టరీ నుంచి పనివాళ్లు బయటికి వస్తున్నారు. వస్తున్నారు... వస్తున్నారు... వచ్చేశారు. అయిపోయింది! నిద్ర కూడా పోలేదు. మూడున్నర నక్షత్రాలు.

అక్క: ఆగు. అందులో బండికి ఎన్ని గుర్రాలున్నాయి?

తమ్ముడు: గుర్రాలా?

అక్క: నిమిషం సినిమా కూడా సరిగ్గా చూడలేదు! ఆ సినిమాను లూమియర్‌లు మూడుసార్లు తీశారు. ఒకదానిలో బండికి ఒక గుర్రం, ఒకదానిలో రెండు, ఇంకొకదానిలో గుర్రమే లేదు. నువ్వు ఏది చూశావో తెలియకుండా ఏమని రాస్తావు?

తమ్ముడు: (మెల్లగా) మూడుసార్లు తీశారా? విడివిడిగా?

అక్క: అవును, విడి...

(అక్క పెన్సిలు గాలిలోనే ఆగింది.)

తమ్ముడు: విడిగా తీసింది విడి సినిమానే. జెమినీ గణేశన్ సాక్షిగా నువ్వే చెప్పావు! పది కాదు, పన్నెండు! 92కు 12 కలిపితే 104!

అక్క: జరుగు అటు.

తమ్ముడు: ఎందుకు?

అక్క: గుర్రాలు నేను లెక్కపెడతాను. నీ చేతికిస్తే వాటినీ పెంచేస్తావు.