సవరణ: ఏసీటీఎన్3 జన్యువు, వయసు మళ్లాక కండబలం

"వయసు మళ్లాక కండబలం ఎంత మిగులుతుందో ఏసీటీఎన్3 జన్యువే తేలుస్తుంది" అన్న పాత పోస్టు వాక్యాన్ని "అందులో ఆ జన్యువు వాటా చాలా చిన్నది" అని చదువుకోండి.

వేగంగా బిగిసే కండపోగుల్లో ఉండే ఆల్ఫా-ఆక్టినిన్-3 ప్రొటీన్‌కి మూలం ఈ జన్యువు. ప్రొటీన్ తయారీ 577వ స్థానంలోనే ఆగిపోయే జన్యురూపం అటు అమ్మ నుంచీ ఇటు నాన్న నుంచీ వస్తే ఆ ప్రొటీన్ తయారే కాదు. అలాంటివాళ్లు ప్రపంచంలో వంద కోట్లకు పైనే ఉన్నారు, శుభ్రంగా బరువులెత్తుతున్నారు కూడా! కండబలానికి కొలమానంగా చూసే పిడికిలి పట్టులో వంశపారంపర్యం పాత్ర గట్టిదే గానీ, దాన్ని ఎన్నో జన్యుతేడాలు తలా కాస్త పంచుకుంటాయి.

వ్యాయామం సంగతంటారా, 1990 నాటి ఓ అమెరికా అధ్యయనంలో 90 ఏళ్ల వయసువాళ్లకి 8 వారాల్లో కాళ్ల బలం సగటున 174 శాతం పెరిగింది. పూర్తిచేసింది తొమ్మిదిమందేలెండి. జన్యుపరీక్ష చేయించుకోవాలా అంటే, ఈ ఒక్క జన్యువు కోసమైతే దండగ.