కారు డిక్కీలో గ్రంథాలయం

కిందటి నెల మన ఊళ్ళోనే ఒక కుటుంబం ఇల్లు మారుతూ ఫోన్ చేశారు. పోయిన అత్తగారి తెలుగు పుస్తకాలు మూడు పెట్టెలున్నాయి, తీసుకెళ్తారా అని. ఈ పరాయి దేశపు లైబ్రరీలో అడిగితే అట్ట మీద పేరు చదవగలిగేవాళ్ళే లేరని వద్దన్నారట. ఇంకో రెండు రోజులు ఆగితే రీసైక్లింగ్ బండి ఎక్కేవి.

మొదటి పెట్టెలో పైనే నీలం కాలికో బైండు ఒకటి. వారపత్రికలో వచ్చిన సీరియల్‌ని వారం వారం చింపి దాచి, ఆవిడ కుట్టించుకున్నది. పేజీ వెనక తలనూనె ప్రకటనలు. కుట్టులోకి పోయి కొన్ని అక్షరాలు సగమే కనిపిస్తాయి. మధ్యలో ఒక వారం సంచిక దొరకలేదు కాబోలు, అక్కడ రూళ్ళ కాగితం అంటించి ఆ వారం కథంతా పెన్సిల్‌తో రాసిపెట్టారు. ఎవరి దగ్గర చదివొచ్చి రాశారో! తన తర్వాత చదివేవాళ్ళకి కథ తెగకూడదనుకున్నారు. ఆ కాగితం చూస్తుంటే నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

మన తెలుగు సంఘం ఏటా పుస్తకావిష్కరణలు చేస్తుంది, శాలువాలు కప్పుతుంది. చెయ్యాల్సిందే. కానీ ఆ పుస్తకాలు రచయిత సంతకంతో ఇంటికెళ్ళి బేస్‌మెంట్లో పడుంటున్నాయి. పుస్తకం చేతులు మారకపోతే ఆవిష్కరించి ఏం లాభం?

నిజాం కాలంలో, తెలుగు సర్కారు భాష కాని హైదరాబాదులో, 1901లోనే మనవాళ్ళు శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం అనే గ్రంథాలయం పెట్టుకున్నారు. 1935లో గ్రంథాలయోద్యమ నాయకులు పాతూరి నాగభూషణంగారు గుంటూరు జిల్లాలో కొల్లిపర, పెదవడ్లపూడి మధ్య కాలువ మీద పడవలో గ్రంథాలయం నడిపించారు. చదివేవాళ్ళు రాలేకపోతే పుస్తకమే వాళ్ళ గట్టుకి వెళ్ళేది.

మన దగ్గర అలా రాలేనివాళ్ళు ఎవరో తెలుసా? ఇండియా నుంచి ఆరు నెలలకని వచ్చే అమ్మానాన్నలు. కారు నడపరు. కొడుకూ కోడలూ ఆఫీసుకి, పిల్లలు స్కూలుకి వెళ్ళాక, సాయంత్రం దాకా కిటికీలోంచి మంచు చూస్తూ కూర్చుంటారు. మనందరిలో అసలైన చదువరులు వాళ్ళే. తెచ్చుకున్న రెండు పుస్తకాలూ మొదటి వారంలోనే అయిపోతాయి. బడి నుంచొచ్చిన మనవడికి తెలుగు అర్థమవుతుంది, చదవడం రాదు. చదివి వినిపించే గొంతు ఇంట్లోనే ఉంది, చేతిలో పుస్తకమే లేదు.

అందుకే అడుగుతున్నాను. నెలకోసారి భోజనాలకి కలిసినప్పుడు, ఒక్కొక్కరం పది పుస్తకాలు డిక్కీలో వేసుకొద్దాం. ఒక నోటుబుక్కు, అందులో ఎవరేం తీసుకెళ్ళారో రాసుకుంటే చాలు. భోజనాలకి రాలేని పెద్దవాళ్ళకి దారిలో ఉన్నవాళ్ళు ఇచ్చి వెళ్దాం. ఒకటీ అరా తిరిగి రాకపోయినా పర్వాలేదు. బేస్‌మెంట్లో చెమ్మ పట్టేకంటే అదే నయం.

నీలం బైండు ఇప్పుడు గుంటూరు నుంచి వచ్చిన ఒక అమ్మమ్మగారి దగ్గరుంది. పెన్సిల్ రాత వెలిసిపోతోందని, ఆ అక్షరాల మీదే పెన్నుతో దిద్దుతున్నారట. అయ్యాక మాకివ్వండని అప్పుడే ఇద్దరు అడిగారు.