నాలుక చప్పుడుకు నామోషీ ఎందుకు?

గబ్బిలం అరిచి, ప్రతిధ్వని విని చీకట్లో దారి పట్టుకుంటుందని బడిలో అందరం చదివాం. ఆ పాఠంలో మనిషి ఊసే లేదు. ఉండాల్సింది. చూపు లేని పిల్లల చేతికి తెల్లకర్ర ఇచ్చే రోజే, నాలుకతో టక్కుమనిపించి ఎదురుగా ఉన్న గోడను పసిగట్టడమూ నేర్పాలి.

అమెరికాకు చెందిన డేనియల్ కిష్‌కు కంటి క్యాన్సర్ వల్ల 13 నెలల వయసుకే రెండు కళ్లూ తీసేశారు. నాలుక చప్పుళ్లతోనే ఆయన సైకిల్ తొక్కాడు. మనం ఆ వీడియో చూసి, అద్భుతం అని షేర్ చేసి మర్చిపోతాం. నా చిరాకంతా ఆ మాట మీదే. అద్భుతం అనేశాక ఇంకెవరికీ నేర్పే బాధ్యత ఉండదు కదా!

ఇందులో మాయ ఏమీ లేదు. మీటరు దూరంలోని గోడకు తగిలిన చప్పుడు 6 మిల్లీసెకన్లలో తిరిగొస్తుంది. చెవికి రెండు చప్పుళ్లు వినిపించవు. ఉన్న ఒక్క చప్పుడే కాస్త మారినట్టు ఉంటుంది. గోడకు ఒకలా, గుబురు చెట్టుకు ఇంకోలా. ఇలా దారి చూసుకునే ఇద్దరు అంధులను 2011లో కెనడాలో పరీక్షిస్తే, ప్రతిధ్వనులు వింటున్నప్పుడు వాళ్ల మెదడులో చూపుకు సంబంధించిన భాగమే పనిచేసింది. 2021లో బ్రిటన్‌లోని డర్హమ్ విశ్వవిద్యాలయం వాళ్లు 10 వారాల శిక్షణ ఇచ్చారు. చూపు ఉన్నవాళ్లు, లేనివాళ్లు, 79 ఏళ్ల వయసువాళ్లు కూడా నేర్చుకున్నారు. ఇక ఇది పుట్టుకతో వచ్చే వరమని ఎలా అంటాం?

కాళ్ల ముందు గుంత, దిగే మెట్టు దీనితో తెలియవంటారు. నిజమే. గబ్బిలం వాడే ధ్వని మన చెవికి అందనంత సన్నం కాబట్టి దోమ కూడా దానికి దొరుకుతుంది. మన నాలుక చప్పుడుకు అంత పదును లేదు. అందుకే కిష్ కూడా కర్ర వాడతాడు. కర్ర వదిలెయ్యమని ఎవరన్నారు?

అసలు అడ్డు మన మర్యాదలు. పిల్లాడు టక్ టక్ అంటే "ఏంట్రా ఆ చప్పుళ్లు, నలుగురూ చూస్తున్నారు" అని నోరు మూయిస్తాం. అదే మనం సిగ్నల్ దగ్గర ఎర్రలైటు పడి ఉండగానే హారన్ మీద చెయ్యి తియ్యం. మనకు అది న్యూసెన్స్, అంతే. చెవితో రోడ్డు దాటేవాడికి మాత్రం ఆ మోతలో దారే కనిపించకుండా పోతుంది. శబ్ద కాలుష్య నిబంధనలు 2000 నుంచీ ఉన్నాయి. బడుల చుట్టూ కనీసం 100 మీటర్ల మేర నిశ్శబ్ద మండలంగా ప్రకటించవచ్చని రాసుకున్నాం. అంధుల బడి గేటు ముందైనా ఆ 100 మీటర్లు అమలు చేసి చూపించండి. తర్వాతే ఆ పిల్లల మీద జాలి పడండి.