మీటరు ఎందుకు వేయరు?

బ్యాంకాక్ సువర్ణభూమి విమానాశ్రయంలో టాక్సీ ఏర్పాటు చక్కగానే ఉంది. కింది అంతస్తులో యంత్రం దగ్గర చీటీ తీసుకుంటే, ఆ అంకె ఉన్న చోట టాక్సీ నిలబడి ఉంటుంది. మీటరు 35 బాత్‌లతో మొదలవుతుంది, విమానాశ్రయం రుసుము మరో 50, టోల్ మనమే కట్టాలి. లెక్క ఇంత స్పష్టంగా ఉండగా, సామాను డిక్కీలో పెట్టాక డ్రైవరు మీటరు వైపు చూడనైనా చూడకుండా "ఐదు వందలు" అంటే ఒళ్లు మండదా? కారు నెత్తిన "టాక్సీ మీటర్" అని పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది!

హైదరాబాదు నుంచి రాత్రి విమానంలో వచ్చేవాళ్లు చాలామంది తెల్లవారకముందే దిగుతారు. అప్పటికి నగరంలోకి వెళ్లే రైలు మొదలై ఉండకపోవచ్చు. పిల్లలు నిద్రకు తూలుతుంటారు, పెద్దవాళ్లు నిలబడలేరు. ఆ అలసటను చూసి ధర చెబుతారు చూడండి, అది నేను సహించలేను. డబ్బు సంగతి తర్వాత. నిజాయితీగా మీటరు వేసే డ్రైవర్లు ఆ ఊళ్లో ఎందరో ఉన్నారు, వాళ్ల పేరు కూడా చెడుతోంది.

మీటరు వేయనంటే సామాను దించుకుని దిగిపోండి. ఆ చీటీని మాత్రం డ్రైవరు చేతికి ఇవ్వకండి, ఫిర్యాదు చేయాలంటే అదే ఆధారం.